నాలుగు గంటలకోసారి ఛాతీ తట్టాలా? వెంటిలేటర్ మీదున్న పిల్లల ఫిజియో గురించి

ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో రాస్తాను, చదివే మిగతావాళ్లకూ సంగతి తెలుస్తుంది. నల్గొండలో ఐదు పడకల పిల్లల ఐసీయూలో మీరు కొత్తగా చేరారు. వెంటిలేటర్ మీదున్న ప్రతి పిల్లకీ కేస్‌షీట్‌లో ఒకటే మాట: "చెస్ట్ ఫిజియో, 4 గంటలకోసారి." అంటే ఛాతీ తట్టి, తెమడ కదిలించి తీయడం. కాలేజీలో చూసిందంతా పెద్దవాళ్ల ఐసీయూ. మూడు నెలల పాప మీద చెయ్యి వేయాలంటే మీకు వణుకు వస్తోంది. మొన్న ఒక తండ్రి "పసిపోరన్ని గట్ల కొడుతున్నరేంది మేడమ్?" అని అడిగితే జవాబు దొరకలేదు. ఏ టెక్నిక్ ముందు చేయాలి, ఎంతసేపు చేయాలి అని అడిగారు.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట హైదరాబాద్, తర్వాత చాలాకాలం మహబూబ్‌నగర్, ఇప్పుడు నల్గొండ వైపు రెండు మూడు ఆసుపత్రులు తిరుగుతుంటాను. చేతులు వణుకుతున్నాయని సిగ్గుపడకండి. నా చేతులు వణకని రోజుల్లోనే నేను పెద్ద తప్పు చేశాను.

చలికాలం. నాలుగు నెలల బాబు, బ్రాంకియోలైటిస్, వెంటిలేటర్ మీద రెండో రోజు. ఆర్డర్ మీకున్నట్టే, నాలుగు గంటలకోసారి. నేను వెళ్లి పది నిమిషాలు కుడివైపు, పది నిమిషాలు ఎడమవైపు తట్టాను. 94 ఉన్న శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 70ల్లోకి జారింది, గుండె వేగం పడిపోయింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి బ్యాగింగ్ చేసింది, అంటే చేత్తో బ్యాగ్ పిసికి గాలి పంపింది. కుదుటపడడానికి అరగంట పట్టింది. నాలుగు గంటల తర్వాత ఆర్డర్ ఉంది కదా అని మళ్లీ వెళ్లాను. అప్పుడు డ్యూటీలో ఉన్న పెద్ద డాక్టరుగారు ఒకే ప్రశ్న అడిగారు: "నువ్వు తట్టకముందు ఒక్కో శ్వాసకు ఎంత వాల్యూమ్ వెళ్తోంది? తట్టాక ఎంత?" నేను చూడలేదు. ఏం బాగుచేద్దామని తట్టానో నాకే తెలియదని అప్పుడు అర్థమైంది.

బ్రాంకియోలైటిస్‌లో గొడవంతా చివరి సన్నటి గొట్టాల గోడలు వాచిపోవడం. వాపును తట్టి తీయలేం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014 మార్గదర్శకాల్లో బ్రాంకియోలైటిస్‌కు చెస్ట్ ఫిజియో వద్దని స్పష్టంగా చెప్పింది. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసే కోక్రేన్ సమీక్ష కూడా మామూలుగా తట్టడం, వైబ్రేషన్ (ఛాతీని చేత్తో సన్నగా అదిలించడం) వల్ల లాభం కనిపించలేదనే తేల్చింది. అదే బాబుకు వెంటిలేటర్ మీద ఉండగా ఊపిరితిత్తిలో ఒక భాగం, అంటే లోబ్, ముడుచుకుపోతే, శ్వాసనాళంలోకి వేసిన ట్యూబ్‌లో చిక్కటి తెమడ కదలకుండా ఉంటే మన లెక్క మారుతుంది. అంటే మనం చూడాల్సింది జబ్బు పేరొక్కటే కాదు, ఆ పూట ఆ ఛాతీలో ఏం జరుగుతోందో కూడా. కాబట్టి మీ కేస్‌షీట్‌లోని ఆర్డరును "నాలుగు గంటలకోసారి చూడండి, అవసరమైతే చేయండి" అని చదువుకోండి. చాలామంది డాక్టర్లు ఆ మాట రాసేటప్పుడు మనసులో అనుకునేదీ అదే. మీరు వెళ్లి మాట్లాడితే ఒప్పుకుంటారు.

చెయ్యి వేయకముందు నేను చూసేవి చెబుతాను. నాకు అలవాటైన క్రమం ఇది, మీకు మరోలా వీలైతే మార్చుకోండి. మొదట ట్యూబ్ పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గీత మీద ఉంది, ప్లాస్టర్ తడిసి ఊడేలా ఉందా. తర్వాత ఇవాళ్టి ఎక్స్‌రే, నిన్నటిది పక్కన పెట్టుకుని. తర్వాత వెంటిలేటర్ తెర. ప్రెషర్ మోడ్‌లో (మిషన్ ఒకే ఒత్తిడితో గాలి ఇచ్చేటప్పుడు) ఉన్న పిల్లకు టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో శ్వాసకు వెళ్లే గాలి, తగ్గుతూ వస్తోందా, వాల్యూమ్ మోడ్ (ఒకే కొలత గాలి ఇచ్చేది) అయితే పీక్ ప్రెషర్, అంటే గాలి నెట్టేటప్పటి గరిష్ఠ ఒత్తిడి, ఎక్కుతోందా. గాలి బయటికొచ్చే ఫ్లో గీత నున్నగా ఉందా, రంపపు పళ్లలా ఉందా. ఆ రంపపు పళ్లు కనిపిస్తే ట్యూబ్‌లోనో పెద్ద గొట్టాల్లోనో తెమడ కదులుతోందనుకోవచ్చు. సర్క్యూట్‌లో, అంటే వెంటిలేటర్ పైపుల్లో, నీళ్లు చేరినా అలాగే వస్తుంది, ముందు అవి ఒంపేసి చూడండి. తర్వాత అరచెయ్యి ఛాతీ మీద పెడితే గరగర తగులుతుంది. స్టెతస్కోప్ ఆ తర్వాతే. ప్లేట్‌లెట్లు ఎన్ని, బీపీ మందులు ఎంత డోసులో నడుస్తున్నాయి, పాలు ఎక్కించి ఎంతసేపైంది, ఇవి సిస్టర్‌ని అడిగితే నోటికి చెప్పేస్తుంది. సిస్టర్లతో మంచిగా ఉండండి. పిల్ల గురించి వాళ్లకు తెలిసినంత ఫైలుకు తెలియదు.

ఇవన్నీ బాగుంటే? అప్పుడు తట్టే పనే లేదు. పొజిషన్ మార్చండి, కీళ్లు కదిలించండి, రాసిపెట్టి రండి.

పెద్దవాళ్ల మీద నేర్చుకున్నది పిల్లల దగ్గర ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. మొదటిది శ్వాస గొట్టాల సైజు. నాలుగు మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒక మిల్లీమీటరు వాపు వస్తే దారి వ్యాసం సగం అవుతుంది, గాలికి అడ్డు 16 రెట్లవుతుంది. పెద్దవాళ్ల ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టంలో అదే వాపు వస్తే అడ్డు మూడు రెట్ల చిల్లర. తెమడ లాగే మీ సక్షన్ గొట్టం మొరటుగా తగిలి ఒక మిల్లీమీటరు వాపు తెచ్చినా లెక్క ఇదే. రెండోది, పెద్దవాళ్లకు పక్కపక్క గాలిసంచుల మధ్య చిన్న చిన్న అడ్డదారులుంటాయి. ఒక గొట్టం మూసుకుపోయినా పక్కనుంచి కొంత గాలి చేరుతుంది. శిశువుల్లో ఆ దారులు ఇంకా సరిగా ఏర్పడవు. అందుకే ఒక్క తెమడ ముద్దతో లోబ్ మొత్తం ముడుచుకుంటుంది. మూడోది, పక్కటెముకలు మెత్తన, అడ్డంగా ఉంటాయి. గట్టిగా నొక్కితే ఛాతీ లోపలికి పోతుంది, ఊపిరితిత్తి ఇంకా ముడుచుకుంటుంది.

ఇంకొకటి పరీక్షల్లో అడుగుతారు, కానీ మంచం పక్కన మరిచిపోతాం. ఒకవైపు ఊపిరితిత్తి పాడైతే పెద్దవాళ్లను మంచి వైపు కిందికి పడుకోబెడతాం. తనంతట తాను ఊపిరి తీసుకునే శిశువులో గాలి పైనున్న ఊపిరితిత్తికే ఎక్కువ వెళ్తుంది కాబట్టి మంచి వైపు పైకి ఉంటే ఆక్సిజన్ మెరుగ్గా ఉండవచ్చు. వెంటిలేటర్ మీద సూత్రం పట్టుకుని కూర్చోకండి. తిప్పండి, పది నిమిషాలు శాచురేషన్ చూడండి, ఆ పిల్లకు ఏ పక్క కుదిరిందో చార్టులో రాయండి. తల దించి కాళ్లు ఎత్తే పాత డ్రైనేజ్ పొజిషన్లు మాత్రం చిన్నపిల్లల్లో పూర్తిగా మానేయండి. పాలు పైకి తంతాయి, తలలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉండాలి. మనం పని చేసుకోవడానికి దించి, తిరిగి ఎత్తడం మరిచిపోతాం. నేనూ మరిచిపోయాను, సిస్టర్లతో తిట్లూ తిన్నాను.

ఇప్పుడు అసలు పని. పిల్లల ఐసీయూలో ఫిజియోలో సగం మంచి పొజిషన్, పావు మంచి సక్షన్ అంటాను నేను. తట్టడం మిగిలిన పావులో ఒక మూల.

సక్షన్ గొట్టం సైజుకు తేలిక లెక్క: ట్యూబ్ నంబరుకు రెట్టింపు. 4 నంబరు ట్యూబ్‌కు 8 ఫ్రెంచ్ (సక్షన్ గొట్టాల సైజు కొలత), 3 నంబరుకు 6. ట్యూబ్ లోపలి జాగాలో సగానికి మించి గొట్టం ఆక్రమించకూడదు. పురిటి బిడ్డల్లో 70 శాతం దాకా తప్పదు. స్టాకులో 6 లేదని 8తోనే కానిచ్చేస్తుంటారు కొన్నిచోట్ల. అప్పుడు పక్కనుంచి గాలి లోపలికి వెళ్లే సందు ఉండదు, మనం తెమడతోపాటు ఊపిరితిత్తిలో గాలినీ లాగేస్తాం. తెరిచిన ఊపిరితిత్తిని మన చేత్తోనే ముడిచినట్టు. లేకపోతే తెప్పించమని గొడవ పెట్టండి. సక్షన్ ఒత్తిడి చిన్నపిల్లల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం చాలు, 120 దాటొద్దు. గోడకున్న గేజ్ చూసేటప్పుడు పైపును మడిచి మూసి చూడాలి. తెరిచి ఉన్నప్పుడు చూపించే అంకె అబద్ధం.

ఎంత లోపలికి వేయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ట్యూబ్ పొడవు, దాని మీది కనెక్టర్ పొడవు కలిపి ఎంతో అంతే. మహా అయితే అర సెంటీమీటరు ఎక్కువ. "తగిలేదాకా వేసి, కొంచెం వెనక్కి లాగు" అని మాకు నేర్పారు. తగిలేది శ్వాసనాళం రెండుగా చీలే చోటు. ప్రతిసారీ అక్కడ పొడిస్తే పుండవుతుంది, గుండె వేగం ధబాలున పడుతుంది. ఆ అంకెను కాగితం మీద రాసి మంచం తలవైపు అంటించండి, మూడు షిఫ్టుల వాళ్లూ అదే వాడతారు. ముందు ఆక్సిజన్ పెంచి, గొట్టం వేసి తీసేదాకా పది సెకన్లలో ముగించండి. 15 సెకన్లు దాటడం అసలు ఉండకూడదు. ఒకసారి మీరే ఊపిరి బిగబట్టి చేసి చూడండి, 15 సెకన్లంటే ఎంతో తెలుస్తుంది.

సెలైన్ చుక్కలు వేసి లాగడం అన్నిచోట్లా ఆచారంలా సాగుతోంది. రోజువారీ పద్ధతిగా వేయవద్దని శ్వాస చికిత్సా నిపుణుల అమెరికా సంఘం 2022 మార్గదర్శకాల్లో ఉంది. గంటలు చూసి సక్షన్ చేయొద్దు, అవసరమైనప్పుడే చేయండని కూడా వాళ్లే అన్నారు. నిజంగా గట్టి ముద్ద ఉండి, వేరే దారి లేనప్పుడు కొద్దిగా వాడతాను. కానీ తెమడ గట్టిపడిందంటే నేను ముందు చూసేది గాలిని వేడిచేసి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌నే.

ఇక్కడ కొంచెం ఆగుతాను, మన ఊళ్లలో ఎక్కువ ట్యూబులు బ్లాకయ్యేది ఈ ఒక్క దాని వల్లనే. పిల్లకు చేరే గాలి 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో ఉండాలి. మే నెల నల్గొండ ఎండల్లో ఐసీయూలో ఏసీ గట్టిగా పెడతారు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే మధ్యలో హ్యూమిడిఫయర్ ఆగిపోతుంది. వెంటిలేటర్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి అది నడుస్తూనే ఉంటుంది, ఎవరూ గమనించరు. కరెంటు వచ్చాక కొన్ని మిషన్లలో బటన్ మళ్లీ నొక్కితేనే వేడి ఎక్కుతుంది. ఓ ఆసుపత్రిలో తెల్లవారుజామున అలా ఆరిపోయిన హ్యూమిడిఫయర్ మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. నన్ను పిలిచింది "తెమడ రావట్లేదు, గట్టిగా ఫిజియో చెయ్యండి" అని. ట్యూబ్ తీసి చూస్తే లోపల ఎండిన జిగురులా అతుక్కుని ఉంది. మీరు యూనిట్‌లోకి అడుగుపెట్టగానే చాంబర్‌లో నీళ్లున్నాయా, లైటు వెలుగుతోందా, పిల్లవైపు పైపులో సన్నటి తేమ కనిపిస్తోందా అని చూడండి. ఇది ఫిజియో పని కాదని ఎవరైనా అంటే అననివ్వండి.

తట్టడం ఎప్పుడంటే, ఎక్స్‌రేలో లోబ్ ముడుచుకుని ఉండి, అక్కడ తెమడ ఉందని చేతికి తెలుస్తూ, పిల్ల నిలకడగా ఉన్నప్పుడు. శిశువులకు అరచెయ్యి వద్దు. చిన్న ఫేస్‌మాస్క్ బోర్లించి గానీ, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లను గుడారంలా కలిపి గానీ తట్టాలి. మరో చెయ్యి తల కింద ఉండాలి, తల ఊగకూడదు. ఇది ఊరికే చెప్పడం లేదు. 1998లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక వ్యాసంలో, నెలలు బాగా తక్కువగా పుట్టిన కొందరు పిల్లల మెదడులో కనిపించిన ఒక రకం దెబ్బకూ వాళ్లకు ఎక్కువసార్లు జరిగిన చెస్ట్ ఫిజియోకూ సంబంధం ఉండవచ్చని రాశారు. ఆధారం లేకుండా తల ఊగడమే ఒక కారణమని అనుమానించారు. ఆ తర్వాత నెలలు నిండని పిల్లల్లో తట్టడం దాదాపు ఆగింది. ఎస్‌ఎన్‌సీయూ (పురిటి బిడ్డల ప్రత్యేక వార్డు) నుంచి పిలిస్తే నేను పొజిషన్ చూసి వస్తాను, అంతే.

వైబ్రేషన్, బ్యాగింగ్ కలిపి చేస్తే నాకు మంచి ఫలితం కనిపించింది, అదీ పెద్ద పిల్లల్లో. నెమ్మదిగా గాలి నింపి, ఒక్క క్షణం ఆపి, చటుక్కున వదిలేయాలి. వదిలే క్షణంలో ఛాతీ మీద వైబ్రేషన్. కిటుకంతా వేగంలో ఉంది. గాలి లోపలికెళ్లే వేగం కంటే బయటికొచ్చే వేగం ఎక్కువైతేనే తెమడ పైకి జరుగుతుంది. కంగారులో చకచకా పిసికితే తెమడను మనమే లోపలికి నెడతాం. బ్యాగ్‌కు ప్రెషర్ గేజ్ తగిలించకుండా చేయవద్దు. వెంటిలేటర్ పీక్ ప్రెషర్ కన్నా పది సెంటీమీటర్ల నీటి పీడనం మించి పెంచకూడదు, పీప్ వాల్వ్ ఉండాలి (పీప్ అంటే ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తి ముడుచుకోకుండా లోపల నిలిపే ఒత్తిడి). పీప్ పదికి మించి నడుస్తున్న పిల్లను సర్క్యూట్ నుంచి విడదీయనే విడదీయను. ఆ కాస్త గ్యాప్‌లో ఊపిరితిత్తి మొత్తం ముడుచుకుపోతుంది. తిరిగి తెరవడానికి పూట పడుతుంది. సర్క్యూట్ విడదీయకుండానే చేసే క్లోజ్డ్ సక్షన్ అలాంటివాళ్లకే. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఆక్సిజన్ అందని స్థితి) పిల్లలకు ఫిజియోను మామూలు చికిత్సగా సిఫారసు చేసే ఆధారం లేదని 2015 నాటి అంతర్జాతీయ ఒప్పంద పత్రం చెప్పింది. వాళ్లకు మన సాయం బోర్లా పడుకోబెట్టేటప్పుడు. నలుగురు మనుషులు, తల దగ్గర ట్యూబ్ పట్టుకుని లెక్కపెట్టేవాళ్లు ఒకరు.

ట్యూబ్ గురించి ఒకటి. తల ఎటు వంగితే ట్యూబ్ చివర అటు పోతుంది. గడ్డం ఛాతీకి ఆనితే కిందికి, తల వెనక్కి వాలితే పైకి. శిశువుల్లో శ్వాసనాళం పొడవే కొద్ది సెంటీమీటర్లు. ఒక్క వంపుతో ట్యూబ్ కుడి ఊపిరితిత్తిలోకి దిగిపోవచ్చు, లేదా బయటికే రావచ్చు. తిప్పాక ఉన్నట్టుండి శాచురేషన్ పడితే ట్యూబ్ జరిగిందా, మూసుకుపోయిందా, ఛాతీలో గాలి లీకైందా, మిషన్ పైపు ఊడిందా అని ఈ వరుసలో చూడండి, నోటితో డాక్టర్‌ను కేకేస్తూ.

వానాకాలంలో డెంగీ పిల్లలు వస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోయి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉంటుంది. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేది తెమడ కాదు, నీరు. తడితే ఏమీ రాదు, కందిపోయి నెత్తురు గడ్డకట్టడం తప్ప. ఛాతీలో గాలి లీకై, దాన్ని తీసే గొట్టం ఇంకా పెట్టని న్యూమోథొరాక్స్, ఊపిరితిత్తిలో రక్తస్రావం, విరిగిన పక్కటెముక, ఆస్తమా బిగుసుకుని ఉన్నప్పుడు కూడా తట్టొద్దు. హైవే మీద యాక్సిడెంటై తలకు దెబ్బతో వచ్చిన పిల్లల్లో సక్షన్, తిప్పడం, ఒళ్లు తుడవడం అన్నీ ఒకే గంటలో కుక్కకండి. ఒక్కోదానికీ మధ్య విరామం ఇవ్వండి, తల ఏ పక్కకూ తిరగకుండా నిటారుగా ఉంచండి, సక్షన్‌కు ముందు మత్తు డోసు గురించి డాక్టర్‌ను అడగండి.

పాలమూరులో పనిచేసే ఫిజియోకు ఒక ప్రశ్న తప్పనిసరి: "పల్లీలు తిన్నడా?" రెండేళ్ల పిల్లవాడు న్యుమోనియా అని ట్యూబ్‌తో వచ్చాడు. ఎడమ ఊపిరితిత్తి మొత్తం ముడుచుకుని ఉంది. రెండు రోజులు ఫిజియో చేశారు, తెరుచుకోలేదు. నన్ను పిలిస్తే నేను తట్టడానికి ముందు బయట కూర్చున్న వాళ్ల నాయనమ్మను అడిగాను. "మేం పల్లికాయ కొడుతుంటే పక్కన్నే ఆడుకున్నడు సార్. ఒక్కపాలి దగ్గు అందుకున్నది, మల్ల మంచిగనే ఉండె" అంది. దగ్గు వచ్చి పదిరోజులైంది. హైదరాబాద్ పంపితే బ్రాంకోస్కోపీలో, అంటే శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం వేసి, నానిపోయిన పల్లీబద్ద తీశారు. గింజ లోపల ఉండగా తడితే అది ఊడి శ్వాసనాళంలోకో మంచి ఊపిరితిత్తిలోకో జారవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ఒకవైపే మొండిగా ముడుచుకున్న, లేదా ఒకవైపే ఉబ్బిన ఛాతీ చూస్తే చేతులు వెనక్కి తీసుకుని ప్రశ్నలు వేయండి. సీజన్‌ను బట్టి సీతాఫలం గింజ, రేగుగింజ కూడా అడగండి.

మన దిక్కు మరో రెండు రకాల పిల్లలు మీకు ఎక్కువగా తగులుతారు. పత్తి ఊళ్లలో ఇంట్లో సీసాలో ఉంచిన పురుగుమందు తాగినవాళ్లు ఒకరు. మొదటి రోజు నోట్లో, ఛాతీలో నురగ, సక్షన్ మాటిమాటికీ చేయాల్సి వస్తుంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పడ్డాక తడి ఆరిపోతుంది, బాగుపడ్డాడని ట్యూబ్ తీసే ఆలోచన చేస్తారు. ఆగాల్సింది అక్కడే. మందు తాగిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు నీరసించే దశ కొందరిలో వస్తుంది. దాన్ని ముందుగా పట్టుకోగలిగేది కీళ్లు కదిలించే మనమే. "తల దిండు మీది నుంచి ఎత్తు బిడ్డా" అనండి. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి. నా సర్వీసులో కనీసం ఇద్దరికి తొందరపడి ట్యూబ్ తీయకుండా ఆపింది ఆ ఒక్క పరీక్షే.

రెండోరకం కట్లపాము కాటు. రాత్రి నేల మీద పడుకున్న పిల్లలు. కాటు దగ్గర వాపు ఉండదు, పెద్దగా నొప్పీ ఉండదు, తెల్లారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలతాయి, ఆపైన ఒళ్లంతా చచ్చుబడి వెంటిలేటర్ మీదికి వస్తారు. దేవరకొండ అవతలి తండా నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లవాడు ఐదురోజులు వేలు కదపలేదు. రెప్పలు మనమే తెరిచి మందు వేసి మూసేవాళ్లం. వారం తర్వాత మాట వచ్చాక నాతో మొదట అన్నది ఇది: "సార్, నువ్వు కాలు వంచుతానని చెప్పి వంచేటోనివి. ఇంకో ఆయన చెప్పకుండ వంచేటోడు. ఈ పోరడు బతుకుతడా అని కూడా అన్నడు." అంతా విన్నాడు. కట్లపాము విషం కండరాన్ని ఆపుతుంది, తెలివిని కాదు. గిలాన్ బారే (నరాలు దెబ్బతిని ఒళ్లు చచ్చుబడే జబ్బు) పిల్లలదీ అదే సంగతి, పైగా వాళ్లకు ఒళ్లంతా నొప్పులు. అప్పట్నుంచి కదలని పిల్లకు కూడా "ఇప్పుడు గొట్టం వేస్తున్నా, దగ్గొస్తది, పది లెక్కపెట్టేలోపు అయిపోతది" అని చెప్పి వేస్తున్నాను. మత్తు డోసు సరిపోతోందా అని సిస్టర్‌ను అడగడం కూడా అప్పుడే అలవాటైంది.

కాళ్లూ చేతుల సంగతి చాలామంది డిశ్చార్జ్ దగ్గర పడ్డాక గుర్తు చేసుకుంటారు. మొదటి రోజు నుంచే చేయండి. పాదాలు కిందికి వాలకుండా చిన్న స్ప్లింట్ (పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ), అది దొరక్కపోతే చుట్టిన దుప్పటి ఆసరా. శిశువుల్లో పడకపుండు మొదట వచ్చేది తల వెనక, పెద్దపిల్లల్లో నడుం కింద, మడమల దగ్గర. తిప్పినప్పుడల్లా వేలితో తడిమి చూడండి. కీలును చివరిదాకా గుంజొద్దు. మర్రిగూడ వైపు పిల్లల్లో పాతకాలపు ఫ్లోరైడ్ వంకర అప్పుడప్పుడు ఇంకా కనిపిస్తుంది. దాన్ని మీరు ఐసీయూలో సరిచేయబోకండి, ముందు ఎంత వంగేదో తల్లిని అడగండి.

ట్యూబ్ ఉండగానే పిల్లను కూర్చోబెట్టడం మీకు భయంగా ఉంటుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పిల్లల ఐసీయూ వాళ్లు 2016లో "పీఐసీయూ అప్" పేరుతో, నిలకడగా ఉన్న పిల్లలను మెట్టుమెట్టుగా లేపే పద్ధతిని ప్రచురించారు. మనకు అంత మంది సిబ్బంది లేరు. అయినా మెలకువగా ఉన్న పిల్లను మంచంలోనే కుర్చీలా లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు చాలు, ఒకరు ట్యూబ్ దగ్గర. తల్లిని లోపలికి రానిమ్మని అడిగి చూడండి. చేతులు కడిగించి, పిల్ల అరచేతిని ఎలా తెరిచి మూయాలో, బొటనవేలిని ఎలా కదిలించాలో ఆమెకు నేర్పండి. ట్యూబ్, ఛాతీ మనవి. వేళ్లు, పాదాలు ఆమెవి. మనం రోజుకు మూడుసార్లు చేస్తే ఆమె ముప్పైసార్లు చేస్తుంది.

ఇక ఆ తండ్రి ప్రశ్న. ఆయనకు అర్థమయ్యేలా ఇలా చెప్పవచ్చు: "అన్నా, బాబు దగ్గలేడు కదా, దగ్గు చేసే పని మేం చేతులతో చేస్తున్నం. నొప్పి పుట్టేంత కొట్టం. చూడండి, మీ చేతి మీద చేస్త." అని ఆయన అరచేతి మీద అదే జోరుతో తట్టి చూపించండి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. ఆయన చేతికి నొప్పి పెడితే మీరు గట్టిగా తడుతున్నట్టే.

డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు "అవసరం లేదు సార్" అని మొదలుపెట్టకండి. కేస్‌షీట్‌లో మీ గడి కింద ప్రతిసారీ ఒకే వరుసలో రాయండి: ముందు శాచురేషన్, ఆక్సిజన్ శాతం, వాల్యూమ్. ఏం చేశారు. వచ్చిన తెమడ ఎంత, ఏ రంగు. పదిహేను నిమిషాల తర్వాత అవే మూడు అంకెలు. చేయకపోతే ఎందుకు చేయలేదో ఒక ముక్క. వారం రోజులు అలా రాసి, రౌండ్స్‌లో ఆ షీటు ఆయన ముందు పెట్టండి.